ఉపన్యాసంలో పోయిన బావగారు

పుణె,
12 జూన్ 2011

తీర్థస్వరూపురాలైన తాయికి,
తమ్ముడు పరాగ్ సాష్టాంగ నమస్కారాలు.

నీళ్ల ఫిల్టర్ల ఏజెన్సీ మూసేశాను. ఈ మాట చదవగానే నువ్వు మూడో వేలు మడిచి ఉంటావు. మడుచుకో. జిరాక్సు కొట్టు ఒకటి, యోగా చాపల దుకాణం రెండు, ఇది మూడు. కానీ ఈసారి నాకు దిగులు లేదు. నాలుగోది అప్పుడే మొదలైపోయింది. దానికి దుకాణం అక్కర్లేదు, సరుకు అక్కర్లేదు, గోడౌన్లో ఎలకల భయం లేదు. నోరుంటే చాలు.

మా అపార్ట్‌మెంట్లో నీళ్ల ట్యాంకు బాగుచేయించిన కమిటీకి కృతజ్ఞతలు చెప్పమని నన్ను లేపారు. రెండు నిమిషాలు చెప్పమన్నారు. నలభై నిమిషాలు చెప్పాను. ట్యాంకుతో మొదలుపెట్టి మనిషి లోపలి ఖాళీ దాకా వెళ్లాను. ఎవరూ లేవలేదు. కింది అంతస్తు సాఠే తాతగారు కళ్లు తుడుచుకున్నారు. ఆయనకు ఆ వారమే శుక్లాల ఆపరేషన్ అయిందని వృందా అంటుంది. పెళ్లాలు అలాగే అంటారు.

ఇప్పుడు ఒక బ్లాగు కూడా పెట్టాను. పేరు 'లేచి నిలబడు'. రోజూ పొద్దున్నే ఒక వ్యాసం. బ్లాగు చదివినవాడు ఉపన్యాసానికి వస్తాడు. ఉపన్యాసం విన్నవాడు శిబిరంలో చేరతాడు. శిబిరంలో చేరినవాడు బ్లాగు చదువుతాడు. చూశావా, ఎక్కడా తెగని గొలుసు. వ్యాపారంలో ఎలా గెలవాలన్నది నా విషయం.

ఒక చిన్న పని చేసిపెట్టు. నువ్వు కారం వ్యాపారం ఎలా మొదలుపెట్టావో రాసి పంపు. ఊరికే, తెలుసుకుందామని. కష్టాలు ఏమైనా పడి ఉంటే అవి కాస్త వివరంగా రాయి. బావగారు దాజీకి నమస్కారాలు.

నీ
పరాగ్


మిరజ్,
26 జూన్ 2011

చిరంజీవి పరాగ్‌కు ఆశీస్సులు.

ఉత్తరం రాసి మంచి పని చేశావు. ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను రిసీవరు పట్టుకుని కూర్చుంటాను. కాగితం మీదైతే నా వంతు నాకొస్తుంది.

మూడు వ్యాపారాలు మూసినవాడు గెలుపు గురించి ఏం చెబుతాడని మీ దాజీని అడిగాను. "వినేవాళ్లు చెవులు తెరిచి ఉంచారేమో" అన్నారు ఆయన. నాకు అర్థం కాలేదు. ఆయన మాటలు నాకు రెండు రోజులకు గాని అర్థం కావు.

కారం సంగతి అడిగావు. పెద్ద కథేమీ లేదు. ఆ ఏడు మిరపకాయలు చవగ్గా వస్తే నేను ఎక్కువ కొన్నాను. ఇంటికి సరిపడా ఉల్లి వెల్లుల్లి కారం కొట్టాక ఇంకా మిగిలింది. పక్కింటి కుల్కర్ణీ వాళ్ల ఇంట్లో ఒడుగుకు వచ్చిన వంటవాడు రెండు కిలోలు అడిగాడు. ఇచ్చాను. మళ్లీ అడిగాడు. ఆ పైన అతని బావమరిది అడిగాడు. మీ దాజీ చక్కెర కార్ఖానాలో తూకాల గుమాస్తాగా రిటైరై ఇంట్లో ఖాళీగా ఉంటే, కూర్చోబెట్టడం దేనికని మిరపకాయలు వేయించే పని ఇచ్చాను. ఆయన చెయ్యి బాగా కుదిరింది. కాయ నల్లబడకుండా, పచ్చి వాసన లేకుండా దించుతారు. కారం దంచే మిషను కొన్నాం. ఇప్పుడు ముచ్చికలు తీయడానికి ఆరుగురు ఆడవాళ్లు వస్తున్నారు. అంతే.

కష్టాలంటే, ఒకసారి వానకు కారంలో వేసే కొబ్బరి బూజు పట్టింది.

నీ
తాయి


పుణె,
3 అక్టోబర్ 2011

తీర్థస్వరూపురాలైన తాయికి,
నమస్కారాలు.

ఉత్తరం ఆలస్యమైంది, తీరిక లేదు. గణపతి పది రోజుల్లో పద్నాలుగు మండపాల్లో మాట్లాడాను. నవరాత్రుల్లో ఇంకో తొమ్మిది. ప్రతిచోటా ఒక శాలువా, ఒక కొబ్బరికాయ. ఇంట్లో శాలువాలు పెట్టడానికి చోటు లేదు. వృందా రోజూ కొబ్బరి బర్ఫీ చేస్తోంది, పిల్లలు దాన్ని చూసి పారిపోతున్నారు.

మొదట్లో నేను సూత్రాలు చెప్పేవాణ్ణి. ధైర్యం, ఓర్పు, ప్రణాళిక. జనం ఆవులించేవాళ్లు. ఇప్పుడు ఒక కథ చెబుతున్నాను. ఒక ఆడమనిషి కథ. చెప్పడం మొదలుపెట్టిన ఏడో నిమిషానికి మొదటి వరుసలో చీర కొంగులు కళ్ల దగ్గరికి వెళతాయి. పన్నెండో నిమిషానికి మగవాళ్లు గొంతు సవరించుకుంటారు. గడియారం చూసుకుని చెప్పొచ్చు. బారామతిలో, విటాలో, సాతారాలో ఒక్కటే కొలత. బ్లాగులో ఆ కథ పెట్టిన రోజు పదకొండు వేలమంది చదివారు. పదకొండు వేలు, తాయీ. నా జిరాక్సు కొట్టుకు మొత్తం మీద అంతమంది రాలేదు.

జనవరిలో ఇక్కడ పెద్ద నాటకశాలలో ఒక రోజు శిబిరం పెడుతున్నాను. ఆరువందల కుర్చీలు.

నువ్వు బ్లాగు చదవాలని శ్రమపడకు. మిరజ్‌లో నెట్ నెమ్మది అని విన్నాను. కళ్లకు కూడా మంచిది కాదు.

నీ
పరాగ్


మిరజ్,
14 నవంబర్ 2011

పరాగ్,

ఆశీస్సులు ఈసారి రాయడం లేదు. చివరికి వస్తే అప్పుడు చూద్దాం.

మొన్న గురువారం మా ఇంటి ముందు ఒక వ్యాను ఆగింది. బారామతి నుంచి పదకొండుమంది ఆడవాళ్లు దిగారు. దిగినవాళ్లు దిగినట్టే నా కాళ్లకు దణ్ణం పెట్టారు. ఒకావిడ నా అరచేతులు తిప్పి చూసి, "ఈ చేతులేనా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నా చేతులకు మసాలా ఉంది, కళ్లు మండుతాయి ముట్టుకోవద్దని చెప్పాను. దానికి ఇంకా ఏడ్చింది.

అప్పుడు మీ దాజీ లోపల్నుంచి బాణలి పట్టుకుని వచ్చారు. ఎవరీయన అని అడిగారు. మా ఆయన అన్నాను. వాళ్లు నా మెడ వంక, ఆయన బాణలి వంక చూశారు. వాళ్లలో పెద్దావిడ ఒకరు తేరుకుని నా భుజం తట్టి, "మళ్లీ పెళ్లి చేసుకున్నావన్నమాట. మంచి పని చేశావమ్మా. దానికీ ధైర్యం కావాలి" అంది. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. నా పెళ్లికి నలభై ఏళ్ల కిందట కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

వాళ్లు వెళ్లాక వీధి చివరి కంప్యూటర్ కొట్టుకు వెళ్లి నీ బ్లాగు కాగితాల మీద తీయించుకొచ్చాను. నెట్ బాగానే ఉంది. 'మిరజ్ సులభాతాయి, కారం చల్లుకున్న కన్నీళ్లు'. అందులో మీ దాజీ చెరకు ట్రాక్టరు కింద పడి పోయారు. నేను పదమూడో రోజు కార్యం అయిన మర్నాడే రోకలి పట్టుకుని లేచాను. రాత్రింబవళ్లు దంచాను. నీళ్లు లేకపోతే కన్నీళ్లతో కారం కలిపానని రాశావు. కారంలో నీళ్లు కలపరు పరాగ్. కలిపితే రెండు రోజుల్లో పాడవుతుంది. చదివిన పదకొండు వేలమందిలో ఒక్కరికీ వంట రాదా?

మీ దాజీ ఆ కాగితాలు మూడుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ట్రాక్టరు ఎందుకు, జ్వరంతో పోకూడదా" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం అన్నం తినకుండా వీధిలో నడిచొచ్చారు. రెండు రోజులు పోయాక చెప్పారు, "ముప్పై ఏళ్లు ఆ గేటు దగ్గర నిలబడి చెరకు బళ్లు తూచాను సులభా. అక్కడ నిజంగా పోయినవాళ్లను నేను చూశాను. పరాగ్ చూడలేదు" అని.

ఆ వ్యాసం తీసెయ్.

సులభ


పుణె,
22 నవంబర్ 2011

పూజ్యురాలైన తాయికి,
సాష్టాంగ నమస్కారాలు, దాజీ పాదాలకు కూడా.

నీ కోపం న్యాయమైందే. కానీ నా వైపు నుంచి కూడా ఒకసారి చూడు. నువ్వు పంపిన కథలో ఏముంది? మిరపకాయలు చవగ్గా వచ్చాయి, కొబ్బరికి బూజు పట్టింది. దీన్ని తీసుకెళ్లి నేను మండపంలో చెబితే జనం ప్రసాదం దాకా కూడా ఆగరు. వెలుగు కనబడాలంటే ముందు చీకటి చూపించాలి. ఇది మా వృత్తిలో మొదటి పాఠం. మొదట్లో నేను దాజీకి చిన్న పక్షవాతమే పెట్టాను. ఎనిమిది రోజులు అలాగే చెప్పాను. గొంతులు సవరించుకున్నారు గాని కొంగులు లేవలేదు. ఇక గత్యంతరం లేక ట్రాక్టరు తెచ్చాను.

ఎవరికీ చెడు జరగలేదు కదా. విన్నవాళ్లు ధైర్యం తెచ్చుకుని ఇంటికి వెళుతున్నారు. అబద్ధమే అనుకో, మందులాంటి అబద్ధం.

ఇప్పుడొక చిక్కు. జనవరి శిబిరంలో నిన్ను వేదిక మీదికి తీసుకొస్తానని కరపత్రాల్లో వేసేశాను. కుర్చీలన్నీ నిండిపోయాయి, అందరూ నిన్ను చూడాలనే వస్తున్నారు. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు. నిలబడితే చాలు. చీర కాస్త సాదాది కట్టుకో, మంగళసూత్రం లోపలికి వేసుకో. దాజీ ఆ రోజు మిరజ్‌లోనే ఉంటే బాగుంటుంది. శిబిరం అయిపోయాక ఆయన్ని నెమ్మదిగా బతికిస్తాను. కోమాలో ఉండి లేచారని చెప్పొచ్చు. దానికి ఇంకో ఉపన్యాసం అవుతుంది.

కాదనకు.

నీ
పరాగ్


మిరజ్,
19 డిసెంబర్ 2011

పరాగ్,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం విటా దగ్గరి పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. ఒక్కతే, రెండు బస్సులు మారి. పేరు మాలన్. ముప్పై అయిదేళ్లుంటాయి. నవరాత్రుల్లో విటాలో నీ ఉపన్యాసం విందట. ఆమె మొగుడు మార్చిలో చెరకు ట్రాక్టరు ట్రాలీ తిరగబడి పోయాడు. నువ్వు రాసిన పోవడం కాదు. పోవడం.

గుమ్మంలోనే నిలబడి, "తాయీ, మీరొక్కటి చెప్పాల" అంది. "పద్నాలుగో రోజున మీరు ఎట్లా లేచినారు? నాకు లేవబుద్ధి కాలా. తొమ్మిది నెలలైంది, ఇప్పటికీ కొన్నిదినాలు మంచం దిగను. మా ఆడపడుచే పిల్లలకు వండి పెడతాది. ఆయన ఉపన్యాసంలో, లేవనోళ్లు లేవకూడదని నిర్ణయం చేసుకున్నోళ్లే అన్నాడు. నాలో ఏం తక్కువైందో చూసి చెప్పండి. అడిగి పోదామని వచ్చినా."

మీ దాజీ మిరపకాయలు వేయిస్తున్నవారు ఆ మాట విన్నారు. పొయ్యి ఆపి, చప్పుడు చేయకుండా వెనకగదిలో బస్తాల వెనక్కి వెళ్లి కూర్చున్నారు. అరవై ఆరేళ్ల మనిషి. ఆమె కోసం పోయినవాడిగా ఉండిపోయారు.

నేను నోరు తెరిచాను పరాగ్. తెరిచి, "ఏదో, దేవుడి దయ, లేచానమ్మా" అన్నాను. నీ అబద్ధం నా నోట్లోంచి వచ్చింది. ఆమె తల వంచుకుని వింది. నేనింకా ఏదో చెప్పబోతున్నాను. అంతలో బస్తాల వెనక మీ దాజీ తుమ్మారు. ఒకటి కాదు, వరసగా ఏడు. ఏడోదానికి ధనియాల బస్తా కింద పడింది.

దాక్కోవడం ఇంక కుదరలేదు. ఒళ్లంతా ఎర్రగా కారంతో ఆయన బయటికొచ్చి, చేతులు జోడించి, "నేనే అమ్మా, పోయినవాణ్ణి" అన్నారు.

మాలన్ ఆయన్ని చూసింది. నన్ను చూసింది. అంతా చెప్పేశాను. నువ్వు నా తమ్ముడివని, ట్రాక్టరు నీ కల్పన అని, పద్నాలుగో రోజు అనేది అసలు లేదని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

మాలన్ వంగి కింద పడ్డ ధనియాల బస్తా నిలబెట్టింది. తర్వాత, "అయితే ఎవురూ లేవలేదన్నమాట" అంది. "పద్నాలుగో రోజున ఎవురూ లేవలేదు. నేను ఇన్నాళ్లూ నాలోనే ఏదో పాడైందనుకున్యా" అంది. అని కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. అది నీ మొదటి వరుస ఏడుపు కాదు. ఆపైన కళ్లు తుడుచుకుని, మీ దాజీ వైపు చూసి, "ఆయన ఉండారు గదా, మంచిదే. టీ తాగుతారా?" అని అడిగింది. తనే లేచి పెట్టింది.

మందులాంటి అబద్ధం అన్నావు. ఆ మందు తిని ఆమె తొమ్మిది నెలల దుఃఖం మీద మూడు నెలల సిగ్గు కూడా మోసింది.

నేను రాను. మీ దాజీ వస్తారట. నేను పంపడం లేదు, ఆపడమూ లేదు.

సులభ


పుణె,
17 జనవరి 2012

తాయీ,

శిబిరం అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ అలవాటు నాకు కొత్త, ఎక్కడైనా రంగు పడితే గీత గీసి పంపు.

నీ ఉత్తరం అందాక కూడా నేను మారలేదు. నువ్వు రాలేదని, ఒంట్లో బాలేదని చెబుదామనుకున్నాను. అది ఇంకా బాగా పండుతుందని కూడా అనుకున్నాను. కథ మొదలుపెట్టాను. అయిదో నిమిషంలో మూడో వరుస చివర దాజీ కనబడ్డారు. ఇస్త్రీ చొక్కా, టోపీ, ఒళ్లో వేరుశెనగల పొట్లం. కోపంగా లేరు. పక్కనున్న ఆవిడ అప్పటికే కొంగు తీసింది. దాజీ ఆవిడకు నాలుగు పలుకులు ఇచ్చారు.

ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి కథ ఆపేశాను. ఆరువందలమంది ఎదురుచూస్తున్నారు. "ఆయన పోలేదు. మూడో వరుసలో కూర్చున్నారు. కథ నేను అల్లాను" అన్నాను. విటా నుంచి వచ్చినావిడ గురించి, పేరు చెప్పకుండా, చెప్పాను. నా మూడు దుకాణాలు మూతపడ్డాయని కూడా చెప్పాను. చెప్పి, తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

లేచి నిలబడి చప్పట్లు కొట్టారు తాయీ. అందరూ. నా జన్మలో అంత చప్పట్లు పడలేదు. ఒకాయన వేదిక ఎక్కి, "ఏం టెక్నిక్ అండీ" అని నన్ను కౌగిలించుకున్నాడు. సాయంత్రానికి నాసిక్ నుంచి, నాగపూర్ నుంచి పిలుపులు. అందరికీ 'ఒప్పుకోలు' ఉపన్యాసమే కావాలి. ఇద్దరు తోటి వక్తలు వచ్చి, మేము కూడా ఏదైనా ఒప్పుకోవాలనుకుంటున్నాం, నేర్పిస్తారా అని అడిగారు.

దాజీ నాతో బస్టాండు దాకా నడిచారు. నేను క్షమించమన్నాను. "అలసిపోయావు, పడుకో" అన్నారు. అంతే.

నాసిక్ ఒప్పుకున్నాను. నిజమే కదా చెప్పేది అనుకున్నాను.

పరాగ్


మిరజ్,
30 జనవరి 2012

చిరంజీవి పరాగ్‌కు ఆశీస్సులు.

గీత ఒక్కచోటే గీశాను. మీ దాజీ తెచ్చినవి వేరుశెనగలు కావు, వేయించిన బఠాణీలు.

నాసిక్‌లో జాగ్రత్త.

తాయి


పుణె,
21 ఫిబ్రవరి 2012

తాయీ,

నాసిక్‌లో నిజమే చెప్పడం మొదలుపెట్టాను. మొదటి అయిదారు నిమిషాలు బాగానే సాగింది. ఆ తర్వాత నా నోరు ఇలా అంది: "అప్పుడు దాజీ వేదిక మీదికి పరుగున వచ్చి నన్ను గుండెలకు హత్తుకున్నారు." ముందు వరుసలో కొంగులు లేచాయి. నేను గడియారం చూశాను. ఏడో నిమిషం.

ఎవరూ పట్టుకోలేదు. దాజీ అక్కడ లేరు. నాకు నేనే వినబడ్డాను. నీళ్లు తాగుతానని చెప్పి వేదిక దిగి, వెనక తలుపు నుంచి స్టేషనుకు వచ్చేశాను. శాలువా, కొబ్బరికాయ అక్కడే ఉండిపోయాయి. వృందాకు ఇది చెబితే, పెళ్లయ్యాక మొదటిసారి, "మంచి పని చేశావు" అంది. బర్ఫీ తప్పినందుకేనేమో.

నాగపూర్ వద్దని రాశాను. బ్లాగులో పాతవన్నీ తీసేశాను. ఇప్పుడు నాకు నిజంగా తెలిసింది ఒక్కటే, దుకాణాలు ఎలా మూతపడతాయో. అదే రాస్తున్నాను. జిరాక్సు కొట్టు కాలేజీకి ఏ వైపు ఉండకూడదు, ఫిల్టర్ల కంపెనీవాడి ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు. పదకొండు వేలమంది పోయి నలభైమంది మిగిలారు. కానీ వాళ్లు ఏడవరు, ప్రశ్నలు అడుగుతారు. నిన్న ఒకతను కొట్టు అద్దెకు తీసుకోబోతూ, కాగితాలు చూసిపెడతారా, ఫీజు ఇస్తానన్నాడు. రేపు వెళుతున్నాను. ఉపన్యాసం చెప్పనని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను.

మాలన్‌తాయిని క్షమాపణ అడగాలి. ఉత్తరం నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ బాగా వచ్చింది. అందుకే చింపేశాను.

పరాగ్


మిరజ్,
9 ఏప్రిల్ 2012

చిరంజీవి పరాగ్‌కు అనేక ఆశీస్సులు.

కారం కొట్టే రోజులు, ఊపిరాడటం లేదు. అయినా ఇది రాయాలి.

మాలన్ వారానికి మూడు రోజులు మా ఇంటికి వచ్చి పని నేర్చుకుంది. మీ దాజీ ఆమెకు వేయించడం నేర్పారు. ఇప్పుడు వాళ్ల పల్లెలోనే ఒక పాత మిషను కొని పెట్టుకుంది. మొన్న ఆదివారం అక్కడి ఆడవాళ్లను పంచాయతీ గదిలో కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. నన్ను పిలిస్తే వెళ్లాను. నువ్వు కొత్తగా నిజం రాస్తున్నావు కాబట్టి ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాసి పంపుతున్నాను. వాడుకోవడానికి కాదు.

"నాకు మాట్లాడను రాదు. మా ఆయన పోయి పదమూడు నెలలైంది. కొన్నిదినాలు లేస్తా, కొన్నిదినాలు లేవను. లేచిన దినం నేను దంచుతా. లేవని దినం మా ఆడపడుచు దంచుతాది. మాకు ఇంకో ఇద్దరు కావాల. పని కష్టమే, తుమ్ములొస్తాయి. లేవలేని దినం ఉంటే ముందే కబురు పెట్టండి, ఎందుకని నేను అడగను."

అని కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు కొట్టే చోటు ఏదో వాళ్లకు తెలిసినట్టు లేదు.

తర్వాత గోడవార కూర్చున్న ఒకావిడ, ముఖం మీద కొంగు కాస్త తీసి, "రేపు ఎన్నింటికి రావాల?" అని అడిగింది.

నీ
తాయి